సంస్థల నిర్మాత విక్రమ్ సారాభాయ్

వ్యాపారం చేయడం బడిలో నేర్చుకొనే విద్య కాదని మన పెద్దల నమ్మకం. తండ్రి గద్దె పక్కన కూర్చుని బేరసారాలు గమనించిన కుమారుడు కొన్నాళ్లకు తానే ఆ గద్దె నెక్కేవాడు. చిట్టా, ఆవర్జాలు రాయడం గుమాస్తా నుంచి గుమాస్తాకు సంక్రమించేది. మిల్లు నడపడం, కూలీలతో వ్యవహరించడం, సరుకు ధర నిర్ణయించడం అనేవి పుట్టుకతోనో అనుభవంతోనో రావలసినవే తప్ప, పుస్తకం ముందు పెట్టుకుని అభ్యసించదగినవని ఎవరూ భావించలేదు. ఈ నమ్మకం మిక్కిలి బలంగా వేళ్లూనుకొన్న నగరాలలో అహమ్మదాబాద్ ఒకటి. ఆ నగరంలోనే, ఒక మిల్లు యజమాని ఇంట పుట్టిన ఒక భౌతిక శాస్త్రవేత్త ఆ నమ్మకాన్ని ప్రశ్నించారు. నేడు దేశమంతటా ఆయనను రాకెట్ల పితామహునిగా స్మరిస్తున్నారు. ఆయనే విక్రమ్ సారాభాయ్. అంతరిక్ష పరిశోధనకు ఆయన చేసిన సేవ జగద్విదితం. గణకశాస్త్రం, అర్థశాస్త్రం, నిర్వహణ శాస్త్రం బోధించే ఉన్నత విద్యాలయాన్ని నెలకొల్పడానికి ఆయన పడిన శ్రమ అంతగా ప్రచారంలోకి రాలేదు.

సబర్మతీ నది ఒడ్డున వెలసిన అహమ్మదాబాద్ ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికే బట్టల మిల్లుల పొగగొట్టాలతో నిండిపోయింది. అక్కడి మిల్లు యజమానులలో అంబాలాల్ సారాభాయ్ ప్రముఖుడు. కేలికో మిల్లు ఆ కుటుంబానిదే. అంబాలాల్, సరళాదేవి దంపతుల ఎనిమిది మంది సంతానంలో ఒకరుగా విక్రమ్ 1919 ఆగస్టు 12న జన్మించారు. ఆయన పుట్టుకకు ఏడాది ముందు ఆ ఇంట్లో జరిగిన ఒక సంఘటనను చెప్పకుండా ఆయన జీవితాన్ని చెప్పడం కుదరదు.

1918లో అహమ్మదాబాద్ మిల్లు కార్మికులు కూలి పెంచమని కోరారు. వారు అడిగింది 35 శాతం, యజమానులు ఇవ్వజూపింది 20 శాతం. యజమానుల పక్షానికి నాయకుడు అంబాలాల్ కాగా, కార్మికుల పక్షాన నిలిచినది ఆయన సొంత అక్క అనసూయా సారాభాయ్. కార్మికులకు గాంధీజీ మార్గదర్శి అయ్యారు. సమ్మె సాగుతున్న కొద్దీ ఆకలికి తాళలేక కూలీలు సడలిపోతున్న సమయంలో గాంధీజీ నిరాహారదీక్ష పూనారు. మూడు రోజులలో ఉభయపక్షాలు మధ్యవర్తిత్వానికి అంగీకరించాయి. తరవాత మధ్యవర్తి 35 శాతం పెంపునే న్యాయమని తేల్చారు. విచిత్రమేమిటంటే, అంతకు మూడేళ్ల ముందు హరిజన కుటుంబాన్ని చేర్చుకున్నందుకు గాంధీజీ ఆశ్రమానికి విరాళాలు ఆగిపోయినప్పుడు, పేరు చెప్పకుండా పదమూడు వేల రూపాయలు తెచ్చి ఇచ్చి ఆదుకున్నది ఆ అంబాలాలే. అక్కాతమ్ముళ్లు కర్మాగారం గేటుకు చెరొక వైపునా నిలిచి కూడా ఒకే కుటుంబంగా మనగలిగిన ఇల్లు అది. యంత్రం, లాభం, కూలీ బతుకు అనే మూడింటిని విడదీసి చూడరాదన్న భావం విక్రమ్‌కు పాఠంగా గాక ఇంటి వాతావరణంగా లభించింది.

అంబాలాల్ తన పిల్లలను బయటి బడులకు పంపలేదు. తమ ఆవరణలోనే ఒక పాఠశాలను ఏర్పాటు చేసి, మాంటిస్సోరి పద్ధతిలో చదువు చెప్పించారు. భాషలు, గణితం, శాస్త్రాలతో పాటు సంగీతం, చిత్రలేఖనం, తోటపని, వడ్రంగం ఆ చదువులో భాగాలు. ఆ ఇంటికి రవీంద్రనాథ్ ఠాగూర్ వంటి మహనీయులు అతిథులుగా వచ్చేవారు. విక్రమ్‌కు చిన్ననాటి నుంచి యంత్రాలంటే మక్కువ. అహమ్మదాబాద్ గుజరాత్ కళాశాలలో చదివిన పిదప ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి, 1940లో ప్రకృతి శాస్త్రాలలో ట్రైపాస్ పరీక్ష ఉత్తీర్ణులయ్యారు. రెండో ప్రపంచయుద్ధం కారణంగా స్వదేశానికి మరలి, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సర్ సి.వి. రామన్ వద్ద విశ్వకిరణాలపై పరిశోధన ప్రారంభించారు. 1942లో నర్తకి మృణాళినిని వివాహమాడారు. యుద్ధం ముగియగానే తిరిగి కేంబ్రిడ్జి వెళ్లి, ఉష్ణమండల ప్రాంతాలలో విశ్వకిరణాల తీరుపై సమర్పించిన సిద్ధాంత వ్యాసానికి 1947లో డాక్టరేటు పొందారు. ఆ ఏటి నవంబరులోనే అహమ్మదాబాద్‌లో ఒక విజ్ఞాన కళాశాల గదులలో భౌతిక పరిశోధనాలయాన్ని ఆరంభించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరొక బాధ్యత ఆయన భుజాలపై పడింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి అహమ్మదాబాద్ మిల్లుల యంత్రాలు పాతబడిపోయాయి. యుద్ధకాలంలో గిరాకీకి కొదవ లేకపోవడంతో నాణ్యతను గురించి ఆలోచించవలసిన అవసరమే మిల్లులకు కలగలేదు. ఇక ముందు అట్లా సాగదని గ్రహించిన కొందరు యజమానులు ప్రభుత్వ సహాయంతో ఒక ఉమ్మడి పరిశోధన సంస్థను స్థాపించడానికి పూనుకున్నారు. ఆంగ్లంలోని దాని పేరులో మొదటి అక్షరాలను కూర్చి దానిని అటిరా అని వ్యవహరించారు. ఆ సంస్థను తీర్చిదిద్దే పని విక్రమ్‌కు అప్పగించారు. ఆయనకు విశ్వకిరణాల సంగతి తెలుసు గాని నూలు, నేత, అద్దకాల శాస్త్రంలో శిక్షణ లేదు. ఆయన చేర్చుకొన్న యువ శాస్త్రజ్ఞులలోనూ చాలామందికి మిల్లు అనుభవం లేదు. అనుభవజ్ఞులను కాదని వీరిని ఎందుకు తెచ్చారని అనుమానించినవారున్నారు. అలవాటుపడిన కన్ను అలవాటైన తప్పును చూడలేదన్నది విక్రమ్ ఆలోచన. కొలిచే అలవాటు ఉన్నవారు కావాలి, మిల్లు సంగతులను మిల్లులోనే నేర్చుకోవచ్చునని ఆయన భావించారు.

మొదటి అవరోధం యంత్రాల నుంచి రాలేదు. ఒక మిల్లులో ఎంత నూలు తెగుతున్నదో, గజం బట్టకు ఎంత ఖర్చవుతున్నదో పక్క మిల్లువారికి తెలియనీయకపోవడం అక్కడి వ్యాపార సంప్రదాయం. అంకెలు దాచుకొనేవారి నడుమ ఉమ్మడి పరిశోధన ఎట్లా సాగుతుంది? విక్రమ్ ఓపికగా యజమానులను ఒకచోట కూర్చోబెట్టి, ఒకరి లెక్కలను మరొకరి లెక్కలతో సరిపోల్చుకుంటే అందరికీ మేలు కలుగుతుందని నచ్చజెప్పారు. మిల్లులలో గణాంక పద్ధతితో నాణ్యతను అదుపుచేయడం అట్లా ప్రారంభమయింది. అటిరా భవనానికి సర్దార్ పటేల్ శంకుస్థాపన చేయగా, 1954లో ప్రధాని నెహ్రూ దానిని ప్రారంభించారు.

బట్టల పరిశోధన సంస్థలో మనస్తత్వ శాస్త్రానికి ఒక విభాగం ఉండడం ఆ రోజుల్లో వింత. విక్రమ్ దానిని ఏర్పాటు చేసి, కమలా చౌదరి అనే విదుషికి అప్పగించారు. కార్మికుడు ఎందుకు సంతృప్తితో పనిచేస్తాడు, ఎందుకు విసిగిపోతాడు, పర్యవేక్షకుని ధోరణి ఉత్పత్తిపై ఏ విధంగా పనిచేస్తుంది అనేవి ఆ విభాగం చేపట్టిన ప్రశ్నలు. దాదాపు అదే సమయంలో, 1953లో, కేలికో మిల్లులో ఒక ప్రసిద్ధ ప్రయోగం జరిగింది. అక్కడ కొత్తగా స్వయంచాలక మగ్గాలను నెలకొల్పినా ఆశించిన ఫలితం రాలేదు. లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ పరిశీలించి, లోపం మగ్గాలలో గాక పనిని పంచిన తీరులో ఉన్నదని గుర్తించారు. ఒకరు నూలు అతకాలి, ఒకరు కండెలు నింపాలి, ఒకరు నూనె వేయాలి. ఎవరి పని వారిదే గాని ఏ మగ్గానికీ పూర్తిగా బాధ్యులు లేరు. కార్మికులను చిన్న బృందాలుగా చేసి, ఒక్కొక్క బృందానికి కొన్ని మగ్గాలను అప్పగించిన మీదట ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే బట్ట తగ్గింది. పారిశ్రామిక నిర్వహణను అధ్యయనం చేసేవారు ప్రపంచమంతటా ఈ అహమ్మదాబాద్ ప్రయోగాన్ని నేటికీ చదువుతారు.

అటిరాలో గడిపిన సంవత్సరాలు విక్రమ్‌కు ఒక సత్యాన్ని బోధపరిచాయి. శాస్త్రజ్ఞులు ఎంత చక్కని పద్ధతిని కనుగొన్నా, మిల్లులో దానిని అమలుపరచగల నిర్వాహకుడు లేకపోతే అది నివేదికలోనే మిగిలిపోతుంది. నిర్వాహకుడనే ఆ మనిషిని తయారుచేసే విద్యాలయం దేశంలో ఎక్కడున్నది? విక్రమ్ స్వయంగా బరోడాలోని తమ కుటుంబ రసాయన, ఔషధ పరిశ్రమల బాధ్యత వహిస్తున్నందున ఈ కొరతను దగ్గర నుంచి చూశారు. మిత్రులతో కలిసి అహమ్మదాబాద్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్‌ను స్థాపించారు. 1960లో విపణి పరిశోధన కోసం బరోడాలో ఆపరేషన్స్ రీసెర్చ్ గ్రూపును ఆరంభించారు. ఏ సరుకు ఎవరు కొంటున్నారో ఊహించడం మాని లెక్కించడం నేర్పిన తొలి భారతీయ సంస్థలలో అది ఒకటి.

దేశంలోనూ ఈ కొరత స్పష్టంగా కనిపిస్తున్న కాలమది. పంచవర్ష ప్రణాళికల కింద ఉక్కు కర్మాగారాలు, ఎరువుల కర్మాగారాలు, ఆనకట్టలు లేస్తున్నాయి. కట్టడానికి ఇంజనీర్లు ఉన్నారు, నడపడానికి తగినవారు చాలినంతమంది లేరు. పదవిలో ఉన్న పెద్ద అధికారులకు శిక్షణ ఇచ్చేందుకు హైదరాబాదులోని బెల్లావిస్టా భవనంలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కళాశాల 1957 నాటికే పని ప్రారంభించింది. అయితే పట్టభద్రులైన యువతీయువకులకు రెండేళ్లపాటు పూర్తిగా నిర్వహణ శాస్త్రాన్ని నేర్పే జాతీయ స్థాయి విద్యాలయం లేదు. ఫోర్డ్ ఫౌండేషన్ ఆహ్వానంపై లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి జార్జి రాబిన్స్ 1959లో వచ్చి దేశమంతా పర్యటించి, అటువంటి విద్యాలయం అవసరమని కేంద్ర ప్రభుత్వానికి నివేదించారు. చివరకు రెండు విద్యాలయాలు నెలకొల్పాలని నిశ్చయమయింది. ఒకటి కలకత్తాలో. రెండవది పశ్చిమ భారతానికి కేటాయించబడినందున బొంబాయికి దక్కుతుందని అందరూ అనుకున్నారు.

అది అహమ్మదాబాద్‌కు రావడం వెనుక ముగ్గురి కృషి ఉన్నది. 1960 మే 1న కొత్తగా ఏర్పడిన గుజరాత్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన డాక్టర్ జీవరాజ్ మెహతా భూమి ఇవ్వడానికి ముందుకు వచ్చారు. మిల్లు యజమానులలో పెద్దదిక్కు అయిన కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ పరిశ్రమల నుంచి ధనం సమకూర్చే భారం వహించారు. ఢిల్లీలోని అధికారులను, విదేశీ దాతలను, విద్యావేత్తలను కలిసి ఒప్పించే పనిని విక్రమ్ చేపట్టారు. 1961 డిసెంబరు 11న భారతీయ యాజమాన్య సంస్థ, అంటే నేడు విద్యార్థులందరి నోటా ఐ.ఐ.ఎం.గా వినిపించే సంస్థ, అహమ్మదాబాద్‌లో లాంఛనంగా ఏర్పడింది. కలకత్తా సంస్థ అంతకు కొద్ది వారాల ముందు ఏర్పడింది.

ఈ సంస్థను ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా గాక స్వతంత్ర సంఘంగా నమోదు చేశారు. కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం, పరిశ్రమలు ముగ్గురూ భాగస్వాములైనా ఏ ఒక్కరూ పూర్తిగా శాసించలేని ఏర్పాటు అది. పాఠ్యాంశాలను మార్చాలన్నా, అధ్యాపకుని నియమించాలన్నా సంవత్సరాల తరబడి వేచి ఉండవలసిన పని లేదు. దీనికి చెల్లించిన మూల్యం కూడా ఒకటి ఉన్నది. విశ్వవిద్యాలయం కానందువల్ల ఆ సంస్థ డిగ్రీ ఇవ్వజాలదు, డిప్లొమా మాత్రమే ఇవ్వగలదు. పట్టా మీది పేరు కన్నా బోధనలోని స్వేచ్ఛకే స్థాపకులు ఎక్కువ విలువనిచ్చారు. డిగ్రీ అంటే ప్రాణం పెట్టే మన సమాజంలో అది సాహసమే.

తోడ్పాటు కోసం మొదట కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో సాగిన సంప్రదింపులు ఫలించలేదు. అప్పుడు విక్రమ్ దృష్టి 1908 నుంచి వ్యాపార నిర్వహణను బోధిస్తూ వచ్చిన హార్వర్డ్ బిజినెస్ స్కూలుపై పడింది. 1962లో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడి ఆచార్యులు అహమ్మదాబాద్‌కు వచ్చారు, ఇక్కడి యువ అధ్యాపకులు హార్వర్డ్ వెళ్లి శిక్షణ పొందారు. హార్వర్డ్ నుంచి వచ్చిన వాటిలో ముఖ్యమైనది ఉదంత పద్ధతి. న్యాయశాస్త్ర విద్యార్థులు పాత తీర్పులను చర్చించి చట్టాన్ని నేర్చుకొన్నట్లే, నిర్వహణ విద్యార్థులు నిజమైన సంస్థలు ఎదుర్కొన్న చిక్కులను చర్చించి నిర్ణయం తీసుకోవడం నేర్చుకుంటారు. అధ్యాపకుడు ఉపన్యసించడు, ప్రశ్నిస్తాడు. విద్యార్థి రాత్రి చదివివచ్చిన ఉదంతంపై మర్నాడు తన నిర్ణయాన్ని చెప్పి, తోటివారి ఆక్షేపణలకు బదులివ్వాలి. అధ్యాపకుడు చెప్పినది రాసుకొని అప్పగించడానికి అలవాటుపడిన విద్యార్థులకు ఇది మొదట్లో ఎంతో కష్టంగా తోచడం సహజం.

ఈ బోధన స్వరూపం తెలియడానికి ఒక చిన్న కల్పిత ఉదాహరణను చూడవచ్చు. ఒక మిల్లులో మీటరు బట్ట తయారీకి 5 రూపాయలు అవుతున్నదని అనుకుందాం. అందులో 3 రూపాయలు పత్తికి, రంగులకు, నేసిన మేరకు ఇచ్చే కూలికి పోతాయి. వీటిని చర వ్యయాలంటారు. మిగిలిన 2 రూపాయలు యంత్రాల తరుగుదల, భవనాల అద్దె, ఉద్యోగుల జీతాలు మొదలైన వాటిలో మీటరుకు పడే వాటా. ఇవి స్థిర వ్యయాలు. మిల్లు సాధారణంగా మీటరు 6 రూపాయలకు అమ్ముతుంది. ఒక వర్తకుడు వచ్చి పెద్ద మొత్తంలో కొంటాను గాని మీటరుకు 4 రూపాయలే ఇస్తానంటాడు. ఆ నెలలో సగం మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. ఆవర్జా చూసిన గుమాస్తా మీటరుకు రూపాయి నష్టమని వద్దంటాడు. అర్థశాస్త్రం చదివినవాడు వేరే విధంగా లెక్కిస్తాడు. మగ్గాలు నడిచినా నడవకపోయినా ఆ 2 రూపాయల భారం తప్పదు కనుక, అదనంగా అయ్యే ఖర్చు 3 రూపాయలే. 4 రూపాయలు వస్తే మీటరుకు ఒక రూపాయి మిగులుతుంది, కాబట్టి ఒప్పుకోవాలంటాడు. నిర్వహణ దృష్టి గలవాడు ఇంకా ముందుకు వెళ్లి ఆలోచిస్తాడు. 6 రూపాయలకు కొంటున్న పాత వర్తకులకు ఈ సంగతి తెలిస్తే ఏమవుతుంది? వచ్చే నెల గిరాకీ పెరిగితే ఖాళీ మగ్గాలు ఉంటాయా? ఈ పని లేకపోతే ఇంటికి పంపవలసివచ్చే నేతగాళ్లు గిరాకీ పెరిగినప్పుడు తిరిగి వస్తారా? మూడు శాస్త్రాలు ఒకే బట్ట మీటరును మూడు వైపుల నుంచి చూస్తాయి. నిర్ణయం మాత్రం ఒక్కటే ఉండాలి, దానిని ఎవరో ఒకరు తీసుకోవాలి.

పద్ధతి హార్వర్డ్‌ది అయినా ఉదంతాలన్నీ అమెరికావి అయితే ప్రయోజనం పరిమితం. అక్కడి కంపెనీకి సరుకు అమ్ముడుపోవడం సమస్య, ఇక్కడి కంపెనీకి లైసెన్సు దొరకడం, ముడిసరుకు దొరకడం సమస్య. అందువల్ల అహమ్మదాబాద్ అధ్యాపకులు మిల్లులకు, ప్రభుత్వ కర్మాగారాలకు, సహకార సంఘాలకు వెళ్లి స్వదేశీ ఉదంతాలు రాయడానికి పూనుకున్నారు. అంతకంటె విశేషమైనది వ్యవసాయాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చడం. దేశ ప్రజలలో అత్యధికులు సేద్యంపై ఆధారపడి జీవిస్తుండగా, నిర్వహణ విద్య కంపెనీలకే పరిమితం కారాదని స్థాపకుల అభిప్రాయం. విత్తనాల పంపిణీ, పంట రుణాలు, ధాన్యం నిలువ, పాల సేకరణ కూడా నిర్వహణ సమస్యలే కదా! ఒక వ్యాపార విద్యాలయంలో ఆరంభం నుంచే వ్యవసాయానికి ప్రత్యేక అధ్యాపక బృందం ఉండడం ప్రపంచంలో అరుదు.

సంస్థ భవనాల నిర్మాణానికి ప్రఖ్యాత అమెరికన్ వాస్తుశిల్పి లూయీ కాన్‌ను నియమించారు. అహమ్మదాబాద్ వాస్తుశిల్పి బాలకృష్ణ దోషీ ఆయనను రప్పించి, నిర్మాణంలో సహకరించారు. పూత పూయని ఎర్రటి ఇటుక గోడలు, వాటిలో పెద్ద పెద్ద వృత్తాకారపు తెరపులు, మండే ఎండను ఆపి గాలిని రానిచ్చే నడవలు ఆ భవనాల ప్రత్యేకత. తరగతి గది వెలుపల కూడా చదువు సాగుతుందని నమ్మి, నలుగురు నిలబడి మాట్లాడుకోవడానికి వీలైన చోట్లను కాన్ అడుగడుగునా కల్పించారు. ఆ భవనాలు పూర్తి కావడానికి ఏళ్లు పట్టింది. అంతవరకు సంస్థ నగరంలోని ఒక బంగళాలో పనిచేసింది.

విక్రమ్ మొదటి నుంచి ఈ సంస్థకు గౌరవ సంచాలకులు. అదే కాలంలో ఆయన భౌతిక పరిశోధనాలయాన్ని నడుపుతున్నారు, కుటుంబ పరిశ్రమలను చూస్తున్నారు, 1962లో ఏర్పడిన జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘానికి అధ్యక్షత వహిస్తున్నారు. 1963 నవంబరు 21న కేరళ తీరంలోని తుంబా నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది కూడా ఆయన ఆధ్వర్యంలోనే. ఇన్ని పనుల నడుమ ఆయన సంస్థకు ఇవ్వగలిగిన సమయం కొద్దిపాటిదే. అనుదిన కార్యభారంలో అధికభాగాన్ని అటిరా నుంచి వచ్చిన కమలా చౌదరి వహించారు. 1964లో రెండేళ్ల స్నాతకోత్తర కోర్సు ప్రారంభమైనప్పుడు పూర్తికాలపు సంచాలకుడు లేని లోటు మరింత స్ఫుటమయింది. తన పేరుతో ముడిపడిన సంస్థను వదులుకోవడానికి పెద్దలు సాధారణంగా ఇష్టపడరు. విక్రమ్ తన స్థానంలో కూర్చోదగినవానిని వెదకి, 1965లో ఆ పీఠాన్ని అప్పగించారు.

ఎంపికైన వ్యక్తి రవి మత్తాయ్. స్వతంత్ర భారత తొలినాళ్లలో ఆర్థికమంత్రిగా పనిచేసిన జాన్ మత్తాయ్ కుమారుడు. వయసు ముప్పై ఎనిమిది. కలకత్తాలోని ఒక బ్రిటిష్ సంస్థలో అధికారిగా పనిచేసి, తరవాత కలకత్తా ఐ.ఐ.ఎం.లో ఆచార్యుడైనవాడు. డాక్టరేటు లేదు. ఒక విద్యాసంస్థకు డాక్టరేటు లేని పిన్నవయస్కుని అధిపతిగా నియమించడం నేటికీ తేలిక కాదు. అటిరాలో అనుభవం లేని యువకులను నమ్మిన విక్రమ్ ఇక్కడా అదే ధైర్యం ప్రదర్శించారు. నియమించిన తరవాత ఆయన మత్తాయ్ పనిలో వేలు పెట్టలేదు. పాఠ్యాంశాలు, పరీక్షలు, ప్రవేశాలపై నిర్ణయాధికారం అధ్యాపకులదే అన్న సంప్రదాయం మత్తాయ్ హయాంలో స్థిరపడింది. 1966లో మొదటి విద్యార్థులు డిప్లొమాలు అందుకొని బయటికి వచ్చారు.

ఆ సంవత్సరమే విక్రమ్ జీవితం మరొక మలుపు తిరిగింది. 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాలలో జరిగిన విమాన ప్రమాదంలో హోమీ భాభా మరణించారు. మే నెలలో అణుశక్తి సంఘం అధ్యక్ష పదవిని విక్రమ్ స్వీకరించారు. ఆయన అధ్యక్షతా కాలంలోనే 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఏర్పడింది. తెలుగువారైన డాక్టర్ ఎ.ఎస్. రావు ఆ సంస్థకు ప్రాణం పోశారు. 1969లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అవతరించింది. తూర్పు తీరంలో రాకెట్ కేంద్రం కోసం అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట ద్వీపాన్ని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ పాఠాలు అందించాలన్న ఆయన యోచన 1975లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల గ్రామాలలో కార్యరూపం దాల్చింది. దానిని చూడడానికి ఆయన లేరు.

విక్రమ్ సారాభాయ్‌పై విమర్శలు లేకపోలేదు. ఒకేసారి ఇన్ని పదవులు వహించడం వల్ల దేనికీ తగిన సమయం ఇవ్వలేకపోయారని అణుశక్తి విభాగంలో కొందరు అనేవారు. ఆ మాటలో కొంత సత్యం ఉన్నది. ఒక సంస్థను తలపోసి, తగినవారిని వెదకి, వారికి స్వేచ్ఛనిచ్చి పక్కకు తప్పుకోవడం ఆయన పద్ధతి. ఆ పద్ధతి కొత్త సంస్థలకు సరిపోయినంతగా, అప్పటికే ఒక వ్యక్తి చుట్టూ పెరిగిన పెద్ద వ్యవస్థకు సరిపోలేదేమో. నిర్వహణ విద్య విషయంలోనూ స్థాపకులు కోరినదొకటి, జరిగినదొకటి అని చెప్పక తప్పదు. వ్యవసాయానికి, ప్రభుత్వ రంగానికి నిర్వాహకులను అందించాలని కలగన్న సంస్థ నుంచి వెలువడిన పట్టభద్రులలో అధికసంఖ్యాకులు ఎక్కువ జీతాలిచ్చే ప్రైవేటు కంపెనీలనే ఎన్నుకున్నారు. విద్యార్థి ఏ దారిన పోవాలో నిర్ణయించే శక్తి పాఠ్యప్రణాళికకు అంతగా లేదు.

ఎడతెగని ప్రయాణాలు, నిద్ర చాలని రాత్రులు ఆయన ఆరోగ్యాన్ని లోలోపల తినివేశాయి. 1971 డిసెంబరు చివరివారంలో తుంబా కేంద్రంలోని పనులు చూడడానికి కేరళ వెళ్లి, కోవళంలో బస చేశారు. డిసెంబరు 30న ఆ బసలో నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు యాభై రెండు. అంతకు ముందు 1966లో పద్మభూషణ్ ఇచ్చి గౌరవించిన ప్రభుత్వం 1972లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ 1972లోనే రవి మత్తాయ్ సంచాలక పదవి నుంచి తనంతట తాను తప్పుకున్నారు. ఎవరూ పొమ్మనలేదు. సంస్థాధిపతి శాశ్వతంగా పీఠంపై ఉండరాదన్నది ఆయన నమ్మకం. తాను ఏలిన సంస్థలోనే సాధారణ ఆచార్యునిగా కొనసాగుతూ, రాజస్థాన్‌లోని జవాజా ప్రాంతానికి వెళ్లి అక్కడి నేతగాళ్లు, తోలుపనివారు తమ వ్యాపారాన్ని తామే నడుపుకొనేటట్లు చేయడానికి శేషజీవితంలో అధికభాగం వెచ్చించి, 1984లో మరణించారు. లూయీ కాన్ 1974 మార్చిలో అహమ్మదాబాద్ పని చూసుకొని తిరిగి వెళ్తూ న్యూయార్క్ రైల్వే స్టేషనులో గుండె ఆగి మరణించారు. సారాభాయ్‌ల కేలికో మిల్లు ఇరవయ్యో శతాబ్ది ముగిసేలోగా మూతపడింది. ఎర్ర ఇటుకల ఆవరణలో విక్రమ్ సారాభాయ్ పేరు పెట్టిన గ్రంథాలయం నిలిచి ఉన్నది. 1961లో స్థాపకులు స్వేచ్ఛ కోసం వదులుకొన్న డిగ్రీ సంగతి కూడా ఒక కొలిక్కి వచ్చింది. పార్లమెంటు 2017లో చేసిన చట్టం 2018 జనవరిలో అమలులోకి రావడంతో, డిప్లొమాలిస్తూ వచ్చిన ఈ విద్యాలయాలకు డిగ్రీలు ప్రదానం చేసే అధికారం లభించింది.